సీసాలో బియ్యం, పెన్‌డ్రైవ్

సంపాదకులకు,

దక్షిణ కొరియా నుంచి ఉత్తర కొరియాకు సమాచారం చేరవేసేవాళ్లను ‘రెచ్చగొట్టేవాళ్లు’ అని తీసిపారేస్తుంటే మింగుడుపడటం లేదు. వీరిలో చాలామంది అక్కడినుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లే. ప్లాస్టిక్ సీసాలో బియ్యం పోసి, పెన్‌డ్రైవ్ వేసి, దక్షిణ కొరియా సరిహద్దులోని గంఘ్వా దీవి దగ్గర ఆటుపోట్లు చూసుకుని సముద్రంలో వదులుతూ వచ్చారు. ఆకలికి బియ్యం, పెన్‌డ్రైవ్‌లో సీరియళ్లు, వార్తలు. రేడియోలు కూడా ప్రభుత్వ స్టేషన్లే పలికేలా బిగించేసే దేశమది! అక్కడి 2020 చట్టం ప్రకారం దక్షిణ కొరియా సీరియళ్లు పంచితే మరణశిక్ష కూడా వేయొచ్చు.

సరిహద్దు ఊళ్ల టెన్షన్ నిజమే. బెలూన్లలో పంపే కరపత్రాలకు ప్రతీకారమంటూ 2024లో ఉత్తర కొరియా చెత్త నింపిన బెలూన్లు వదిలింది. అయినా, ఉత్తర కొరియాలోకి కరపత్రాలు పంపడాన్ని నిషేధించిన చట్టాన్ని దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 2023లో కొట్టేసి మంచి పని చేసింది. కిమ్ క్షిపణుల వార్తలకు ఇచ్చే చోటులో కొంత ఈ మనుషులకూ ఇవ్వండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం