చెప్పులతో 141, చెప్పులు లేకుండా 139

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ కొత్తవాడలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషన్. మా ఆయన దరీలు నేస్తారు. సద్దుల బతుకమ్మ దాకా జాకెట్ల గిరాకీతో నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. పిల్లలతో ఎటైనా పోవాలంటే పండుగ అయిపోయాక, బడి తెరిచేలోపు దొరికే రెండు మూడు రోజులే. ఈసారి హైదరాబాద్ పోయాం. మా బాబు ఆరో తరగతి. వాళ్ల క్లాసులో సగం మంది అమ్యూజ్‌మెంట్ పార్కు చూసి వచ్చారట, రోలర్ కోస్టర్ ఎక్కనిది తనొక్కడేనట. ఏడాదిగా ఇంట్లో ఇదే పాట.

హన్మకొండ బస్టాండులో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే నాకు, అత్తమ్మకు, పాపకు జీరో టికెట్లు. బాబుకు హాఫ్, వాళ్ల నాన్నకు ఫుల్. ఇక్కడ మిగిలింది పార్కుకు పనికొస్తుందనుకున్నాం. రాత్రి బోడుప్పల్‌లో మా మరిది ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే నగరం అవతలున్న ఒక పార్కుకు చేరాం. దాని పేరు రాయను. ఐదుగురికీ కలిపి టికెట్లకు పోయింది ముప్పై లైనింగ్ జాకెట్ల కూలి. అది తెలిసే పోయాం, దాని గురించి ఏడవను.

అక్కడ పిల్లల టికెట్‌కు వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ల టికెట్. కౌంటర్ పక్కన బోర్డు, దాని మీద గీత. బాబును చెప్పులతోనే నిలబెట్టారు. గీత దాటాడు. "ఫుల్ టికెట్ అమ్మా" అన్నారు. తేడా రెండు జాకెట్ల కూలి. వాడేమో పెద్దోణ్నయిపోయానని పొంగిపోయాడు. వాడి ముఖం చూసి నేనూ ఏమీ అనలేదు.

లోపల ముప్పావుగంట లైన్లో నిలబడి రోలర్ కోస్టర్ దాకా వెళ్తే అక్కడ ఇంకో బోర్డు, అదే 140 గీత. అక్కడి అబ్బాయి "చెప్పులు విప్పు తమ్ముడూ" అన్నాడు. విప్పితే తల గీత కిందే ఆగింది. ఎక్కడానికి లేదన్నాడు. వాణ్ని పక్కకు తీసుకుపోయి సంచిలోంచి టేపు తీశాను. (టేపు లేకుండా నేను గడప దాటను. పెళ్లికి పోయినా ఉంటుందని మా ఆయన నవ్వుతుంటారు.) చెప్పులు లేకుండా 139. చెప్పులతో 141. డబ్బులు తీసుకునేటప్పుడు మా బాబు పెద్దవాడు, ఎక్కించేటప్పుడు చిన్నపిల్లవాడు.

ఎక్కనివ్వలేదని నాకు కోపం లేదు. ఆ అబ్బాయి ఓపిగ్గానే చెప్పాడు. బండి తలకిందులైనప్పుడు మనిషిని పట్టి ఉంచేది భుజాల మీదికి దిగే ఆ పట్టీయేనట. పొట్టి పిల్లలకు అది భుజాన ఆనదు, సందు మిగులుతుంది, ఆ సందులోంచి జారతారు. టైలర్‌ను కదా, అంతకంటే ఎక్కువ చెప్పే పని లేకపోయింది. 36 సైజు జాకెట్ 30 సైజు పిల్లకు వేస్తే భుజాల మీద నిలుస్తుందా? మా ఐనవోలు మల్లన్న జాతరలో జెయింట్ వీల్ ఎక్కితే అడ్డంగా ఒక ఇనుప కడ్డీ పెట్టి పిన్ను గుచ్చి వదిలేస్తారు. ఎత్తు అడిగేవాళ్లు లేరు, చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని ఎక్కే తల్లులను కూడా చూశాను. దానికంటే ఈ పట్టింపే నయం. కాకపోతే చెప్పులు విప్పి కొలవడమే సరైన కొలత అయినప్పుడు డబ్బులు తీసుకునే చోట కూడా విప్పించాలి కదా.

చౌరస్తాలో నేను లైనింగ్ కొనే బట్టల షాపులో ఇనుప మీటరు కడ్డీ ఉంటుంది. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. ఎత్తును బట్టి డబ్బులు వసూలు చేసే ఆ బోర్డుకు ముద్ర ఎవరు వేస్తారు? ఆ శాఖ వాళ్లెవరైనా ఈ ఉత్తరం చదివితే మీ పేపర్లోనే జవాబు చెప్పాలని నా కోరిక.

నీళ్ల రైడ్ల దగ్గర ఇంకో ముచ్చట. నూలు బట్టలతో దిగనివ్వరు, నైలాన్ వేసుకోవాలి. దానికీ కారణం ఉంది. నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పోగులు ఊడి నీళ్లు వడకట్టే మిషన్లలో చుట్టుకుంటాయి. అయినా పుట్టిన దగ్గర్నుంచి నూలు పోగుల మధ్యే బతికిన మనిషిని నూలు చొక్కాతో వచ్చావని ఆపేసరికి మా ఆయన ముఖం చూడాలి! బట్టలు అక్కడే అమ్ముతున్నారు. తిరగేసి కుట్టు చూశాను. ఒంటి కుట్టు, ఓవర్‌లాక్ సగం దాకే, చంకల దగ్గర అప్పుడే విడిపోతోంది. ఆ ధరకు నేను ఇంట్లో ముగ్గురికి కుట్టేదాన్ని. ముందే తెలిస్తే కదా. టికెట్ వెనకాల రాసి ఉందన్నారు. ఉంది, ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ టికెట్ మన చేతికి వచ్చేది డబ్బులు కట్టాకే.

అత్తమ్మ సంగతి చెప్పకుండా ముగించలేను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఒక్క రైడూ ఎక్కలేదు. పదకొండింటి నుంచి సాయంత్రం దాకా మా చెప్పులు, సంచులు కాపలా కాస్తూ చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. బతుకమ్మకు చేసిన సత్తుపిండి డబ్బా ఆమె కోసమే తెచ్చాను, బయటి తిండి వద్దని గేటు దగ్గరే పెట్టించేశారు. పెద్దవాళ్లకు టికెట్‌లో కొంత తగ్గించారు, ఆ మాట దాచను. అయినా ఆ బెంచీకి ఐదు జాకెట్ల కూలి పడింది. నాంపల్లి నుమాయిష్ 1938 నుంచి నడుస్తోంది. అక్కడ గేటు టికెట్ వేరు, జెయింట్ వీల్ టికెట్ వేరు, ఎక్కేవాళ్లు దేనికి దానికి కట్టుకుంటారు. అన్నిటికీ కలిపి ఒకటే టికెట్ అయితే పిల్లలకు మంచిదే. పాప ఒక్క బొమ్మ గుర్రాల మీదే ఆరుసార్లు తిరిగింది. కానీ సంచులు కాచే అమ్మమ్మలకు, నాయనమ్మలకు కూర్చునే టికెట్ ఒకటి పెడితే వాళ్లకు పోయేదేముంది?

మర్నాడు లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి పోయాం. 1990లో ఆ విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయిన సంగతి, రెండేళ్ల తర్వాత పైకి తీసి నిలబెట్టిన సంగతి అత్తమ్మ పడవ దిగేదాకా చెబుతూనే ఉంది. ముందురోజు బెంచీ మీద కూర్చున్న మనిషేనా ఈమె అనిపించింది.

ఇక మా వైపు బళ్ల నుంచి పిక్నిక్ బస్సులు బయలుదేరే రోజులొస్తున్నాయి. సార్లు, టీచర్లు డబ్బులు వసూలు చేసే ముందే పిల్లలను చెప్పులు విప్పించి కొలిచి, ఆ కొలత కాగితం మీద రాసుకుని పోతే బాగుంటుంది. కౌంటర్ దగ్గర అడగడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

మొన్న ఆదివారం మా బాబును గోడకు నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీశాను. చెప్పులు లేకుండా 139న్నర.

ఇట్లు,
ఒక టైలర్,
కొత్తవాడ, వరంగల్