ల్యాబ్ తలుపు తీయండి

ఎడిటర్ గారికి,

మా పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. తరంగదైర్ఘ్యం, అదే ఒక పూర్తి అల పొడవు, అంటే ఏమిటమ్మా అని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్పింది. కొలిచి చూపించమంటే బిత్తరపోయింది. ఏడాదిలో ఒక్కసారీ ల్యాబ్‌లోకి తీసుకెళ్లలేదట. ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు డాబా మీద బట్టలారేసే తాడు విప్పి, ఒక కొస స్తంభానికి కట్టి, ఆరు మీటర్ల దూరంలో రెండో కొస ఆ అమ్మాయి చేతికిచ్చాను. పైకీ కిందికీ ఊపగా ఊపగా తాడు రెండు ఉచ్చులుగా నిలిచింది. నట్టనడుమ మాత్రం కదలిక లేదు. 10 సెకన్లలో 20 ఊపులు లెక్కపెట్టాం. అంటే పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క) 2 హెర్ట్జ్. ఒక్కో ఉచ్చు 3 మీటర్లు, రెండూ కలిస్తే తరంగదైర్ఘ్యం 6 మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే తాడు మీద అల వేగం సెకనుకు 12 మీటర్లు. చెయ్యి కాస్త ఎత్తుగా ఊపితే వేగం పెరుగుతుందనుకుంది. పెరగలేదు, కంపన పరిమితే, అంటే అల ఎత్తే, పెరిగింది. తాడు బిగించాక అవే రెండు ఉచ్చులు రావాలంటే ఇంకా త్వరగా ఊపాల్సి వచ్చింది. "వేగం మారింది కదా తాతయ్యా!" అంది. ఆ మొహంలో వెలుగు చూడాలి!

తర్వాత రేడియో తరంగాల వేగాన్ని, అంటే కాంతి వేగాన్నే, పౌనఃపున్యంతో భాగించి తనే రేడియో లెక్క వేసింది. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు, 101.9 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎంది మూడు మీటర్ల లోపే.

ప్రాక్టికల్స్ మార్కులు వేసేముందు, ప్రయోగాలు నిజంగా చేయించారో లేదో అధికారులు కాలేజీలకు వెళ్లి పిల్లల్నే అడగాలి.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, మలక్‌పేట, హైదరాబాద్