మొండి రైడర్‌కు హద్దులు సీజన్‌కు ముందే చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

ప్రతిభ ఉండీ ఎవరి మాటా వినని మోటోక్రాస్ (మట్టి ట్రాకుల మీద జరిగే బైకు రేసులు) రైడర్లతో జట్లు పడే ఇబ్బందుల గురించి మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అలాంటివాణ్ణి ఒకటి రెండు రేసులకు పక్కన కూర్చోబెడితే దారికి వస్తాడన్న అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. రైడర్ల వెంట మెకానిక్‌గా పనిచేసినవాణ్ణి కాబట్టి, తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఆటలో రైడర్‌ను బయటినుంచి నడిపించే వీలు దాదాపు లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కో గ్రాండ్ ప్రీలో రెండు రేసులుంటాయి, వాటిని మోటోలంటాం; ఒక్కో మోటో 30 నిమిషాలు, ఆపైన రెండు ల్యాపులు సాగుతుంది. హెల్మెట్‌లో రేడియో ఉండదు. జట్టు చెప్పదలచుకున్నదంతా మెకానిక్ ల్యాపుకొకసారి ఎత్తి చూపే పిట్ బోర్డు మీద పట్టాలి. ముందున్నవాడికీ తనకూ ఎన్ని సెకన్ల తేడా ఉందో, ఇంకా ఎంతసేపు మిగిలిందో మార్కరుతో రాసి చూపిస్తాం. బురద పట్టిన గాగుల్స్‌లోంచి ఆ అంకెలు అతనికి కనబడేది రెప్పపాటు మాత్రమే. మలుపులో లోపలి గాడి పట్టాలా, బయటి అంచున వేగంగా తిరగాలా, ఎదుటివాణ్ణి జంప్ దగ్గరే దాటేయాలా అన్నవన్నీ అతనొక్కడే తేల్చుకోవాలి. స్టార్ట్ గేటు పడగానే 40 బైకులు ఒకే మలుపులోకి దూసుకుపోతున్నప్పుడు, తన మీద తనకు అపారమైన నమ్మకం ఉన్నవాడే థ్రాటిల్ వదలకుండా నిలబడతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే ఆ స్వభావాన్ని శిక్షలతో అణచివేస్తే, దానితోపాటు వేగం కూడా పోతుంది.

కాబట్టి ట్రాక్ మీద అతన్ని అతని మానాన వదిలేయాలి. జట్టు గట్టిగా నిలబడవలసింది ట్రాక్ బయట. 2014లో నెదర్లాండ్స్ రైడర్ జెఫ్రీ హెర్లింగ్స్ చిన్న ఇంజిన్ బైకుల ఎంఎక్స్2 విభాగంలో చాలా ముందంజలో ఉన్న దశలో, చాంపియన్‌షిప్‌తో సంబంధం లేని ఒక ఛారిటీ పోటీలో తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. చివరి రౌండుకు తిరిగి వచ్చినా, 4 పాయింట్ల తేడాతో టైటిల్ అతని సహచరుడు జోర్డి టిక్సియర్‌కు దక్కింది. ఒక మోటోలో మొదటి స్థానానికి 25, రెండో స్థానానికి 22 పాయింట్లు వస్తాయంటే, ఆ 4 పాయింట్లు ఎంత చిన్న తేడానో ఊహించుకోవచ్చు. తప్పు ఫలానావారిదని నేను అనడం లేదు. ఆ హెర్లింగ్సే 2018లో 17 గ్రాండ్ ప్రీలు గెలిచి, పెద్ద ఇంజిన్ బైకుల ఎంఎక్స్‌జీపీ విభాగంలో చాంపియన్ అయ్యాడు. అంతటి రైడర్ క్యాలెండర్‌లో లేని పోటీలకు వెళ్లవచ్చా లేదా అన్నది ఆ ఉదయం వాదించుకుని తేల్చే విషయం కాకూడదనే నా బాధ. సీజన్ మొదలవకముందే కాగితం మీద ఉండాలి.

గాయాల విషయం ఇంకా ముఖ్యమైనది. పడి లేచిన కుర్రవాడు హెల్మెట్ కూడా తీయకుండా, "బైకు స్టార్ట్ చెయ్యన్నా" అని తొందరపెడుతూనే, ఇది మొదటి మోటోనా రెండోదా అని నన్ను రెండుసార్లు అడగడం నేను కళ్లారా చూశాను. తలకు దెబ్బ తగిలినవాడికి తన పరిస్థితి తనకు తెలియదు. ఆ రోజు మా మేనేజర్ కేకలు వేయలేదు, బతిమాలలేదు. డాక్టర్ మాటే ఆఖరి మాటని ముందే ఒప్పుకున్నావు కదా అని గుర్తుచేసి, బైకును తానే తోసుకుంటూ తీసుకెళ్లిపోయారు. ఆ ఒప్పందమే లేకపోతే ఆ వాదన ఎటు పోయేదో తలుచుకుంటేనే నాకు భయమేస్తుంది.

ఇక బైకు సెట్టింగుల దగ్గర వచ్చే పేచీలకు అధికారం చూపించనక్కరలేదు. సస్పెన్షన్ గట్టిగా ఉందని రైడర్ పట్టుబడితే, ఏం మార్చామో చెప్పకుండా ఒకసారికి ఒక్కటే మార్చి, నాలుగు ల్యాపులు తిప్పించి, స్టాప్‌వాచ్ చూపించాలి. చాలాసార్లు అతని మాటే నిజమవుతుంది. అప్పుడు మనం ఒప్పుకుంటేనే రేపు మన మాట అతను వింటాడు. చెప్పేవాడు కూడా ఒక్కడే ఉండాలి. 500 సీసీలో ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన రోజర్ డికోస్టర్ మేనేజర్‌గా మారి, 1981లో అమెరికా జట్టును దేశాల జట్ల మధ్య జరిగే మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్ పోటీలో తొలిసారి గెలిపించారు. అలాంటివారి మాటకు ఉండే బరువు, స్పాన్సర్, తండ్రి, కోచ్, మేనేజర్ తలా ఒకటి చెప్పే చోట ఎవరికీ ఉండదు.

మీ విలేకరులు ఈసారి జట్టు మేనేజర్లను కలిసినప్పుడు, రైడర్‌ను ఎన్ని రేసులు పక్కన పెట్టారని కాక, సీజన్‌కు ముందు అతనితో ఏమేం ఒప్పుకున్నారని, ఆ షరతులు గెలిచేవాడికీ కొత్తవాడికీ ఒకటేనా అని అడగవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మాజీ మెకానిక్