ముందు ఇంకు సంగతి అడుగు

మారతహళ్లి, బెంగళూరు

ఒరేయ్ మధూ,

నీ ఉత్తరం అందింది. చేతిమీద మీ నాన్న బొమ్మ టాటూ వేయించుకుంటానంటే వద్దనేవాణ్ణి కాను. మా అవ్వకు మోచేతి దాకా పచ్చబొట్లే. కానీ ‘గ్లౌజులు వేసుకుంటారంట, కొత్త సూది వాడతారంట, ఇంకేం టెన్షన్’ అని రాశావు చూడు, నా గొడవంతా దాంతోనే.

సూది కొత్తదైతే హెపటైటిస్, హెచ్‌ఐవీ భయం చాలావరకు తీరినట్టే. మరి ఆ సూది చర్మంలోకి దింపే ఇంకు మాటేమిటి? మా రూమ్మేట్ ఇక్కడే ఒకచోట భుజంమీద సింహం వేయించుకున్నాడు. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత, నల్ల ఇంకు పల్చన చేసి వేసే బూడిదరంగు షేడింగ్ ఉన్నంతమేరా ఎర్రటి పొక్కులు లేచాయి. నల్లగీతల మీద ఒక్కటీ లేదు! మందులషాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మింగాడు, ఏం తగ్గలేదు. స్కిన్ డాక్టర్ చిన్న ముక్క తీసి, ఏ క్రిమో పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపితే మైకోబాక్టీరియం చెలోనే అనే బ్యాక్టీరియా అని తేలింది. క్షయ క్రిమికి దూరపు చుట్టం అది, నీళ్లలోనూ మట్టిలోనూ బతుకుతుంది. మామూలు మందులకు లొంగదు. నెలల తరబడి క్లారిత్రోమైసిన్ మింగుతున్నాడు పాపం. సింహానికి మశూచి వచ్చినట్టుంది అంటే నన్ను కొట్టడానికొచ్చాడు.

2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో 19 మందికి ఇట్లాగే అయింది. అందరికీ వేసింది ఒకే ఆర్టిస్టు. తీరా చూస్తే, కంపెనీవాళ్లు ముందే పల్చన చేసి అమ్మిన బూడిదరంగు ఇంకులోనే క్రిమి ఉంది, మూత తీయని సీసాలో కూడా. అక్కడ మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు 2024లో బయటపెట్టిన పరీక్షల్లో సీలు తీయని 75 ఇంకుల్లో 26 చోట్ల బ్యాక్టీరియా దొరికింది. ‘స్టెరైల్’ (క్రిములు లేనిది) అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదన్నమాట.

అందుకని సీసా ఏ కంపెనీదో, ఎప్పుడు తెరిచారో చూడు. నీ కోసం కొత్త చిన్న కప్పుల్లో పోయమను. అన్నిటికంటే ముందు ‘షేడింగ్‌కి దేంతో పల్చన చేస్తావు?’ అని అడుగు. క్యాన్ నీళ్లు అంటే లేచి వచ్చెయ్. డిస్టిల్డ్ వాటర్ అన్నా ఒప్పుకోకు, అందులో క్రిములుండవని గ్యారంటీ లేదు. స్టెరైల్ వాటర్ నీ ముందే తెరవాలి. మొహమాటపడొద్దు, డబ్బులిచ్చేది నువ్వు.

టాటూ పుండు మానేదాకా మీ ఊరి బావిలో ఈతలు బంద్. తర్వాత ఎప్పుడు పొక్కు లేచినా ఫొటో నాకు పంపి కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి పో.

ఇంకొకటి మర్చిపోయా. నువ్వు ఏటా మీ నాన్న పేరు మీద రక్తం ఇస్తావు కదా? టాటూ వేయించుకుంటే ఏడాదిపాటు తీసుకోరు. ఈసారి అది ఇచ్చేసి, తర్వాతే టాటూకి బస్సెక్కు.

నీ
సీనుగాడు