వార్షిక నివేదిక 2025–26: మన పిల్లల బడి దారి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా పట్టించుకున్నది గుంటూరు బ్రాడీపేట లైన్లలో (వీధుల్లో) నడిచి, సైకిల్ తొక్కి బడికి వెళ్లే పిల్లల గురించే. 2025లో శంకర్ విలాస్ రైల్వే బ్రిడ్జి కూల్చివేత మొదలైన దగ్గర్నుంచి ఆటోలు, బైకులు మన లైన్లలోకి మళ్లాయి. పొద్దున పూట అడ్డరోడ్డు దాటించాలంటే తల్లులకు టెన్షనే.

అందుకే ఏ లైను పిల్లల్ని ఆ లైను పెద్దలే గుంపుగా బడి దాకా తీసుకెళ్లే ఏర్పాటు చేశాం. రిటైరైన మాస్టార్లు, అమ్మమ్మలు వంతులు వేసుకున్నారు. సైకిళ్ల బ్రేకులు మన వీధి మెకానిక్ డబ్బులు తీసుకోకుండా చూసిపెట్టారు. వారికి సంఘం కృతజ్ఞతలు.

కానీ మనం చేయగలిగింది ఇంతే. రోడ్డు బాగుచేయాల్సింది ప్రభుత్వం. విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. అంతకన్నా దూరమైతే సమగ్ర శిక్షా పథకం కింద రవాణా భత్యం ఇస్తారు. మంచిదే. మరి ఆ కిలోమీటరు లోపల నడిచే బిడ్డ సంగతేంటి? వాడి దారికంటూ ఏ పద్దూ లేదు. 'బడికొస్తా' పథకంలో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చిన రాష్ట్రం మనది. ఆ సైకిల్ భయం లేకుండా తొక్కే చోటు కూడా ఇవ్వాలని మా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అడగడానికి చట్టం బలం కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 138(1ఎ) పాదచారులు, సైకిళ్ల విషయంలో నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. 6 నెలల్లో ఆ నియమాలు రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటిలో బడి దారుల ప్రస్తావన విడిగా ఉండాలని, బడి వేళల్లో బడుల ముందు వాహనాల వేగం తగ్గించాలని కోరుతూ రవాణా శాఖకు వినతిపత్రం పంపాం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద నడిచే చోటు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. మన దగ్గర చాలాచోట్ల ఫుట్‌పాతే లేదు, ఉన్నచోట కాలువ పలకలు విరిగాయి. విరిగినవి ఎక్కడెక్కడున్నాయో రాసి నగరపాలక సంస్థకు ఇచ్చాం. టిఫిన్ బండ్లు తీయించమని మాత్రం అడగలేదు. బండ్ల వాళ్లనే మేం నేరుగా అడిగితే వెంటనే కాస్త వెనక్కి జరిగారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు స్కూటీ తాళం ఇవ్వకండి. ప్రమాదం సంగతి అలా ఉంచితే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ కింద పెద్దలకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉన్నాయి.

జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు. వచ్చే ఏడాదికి 14వ అడ్డరోడ్డు దగ్గర ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నిలబడేవారు కావాలి. వారానికి ఒక్క పూట చాలు. పేర్లు సభలోనే ఇవ్వగలరు.

— కార్యదర్శి