చిక్కటి ఆయిల్ పొయ్యకు, దోస్తూ

హైదరాబాద్

దోస్తూ,

నీ ఉత్తరం నిన్న అందింది. వదినకు కాలు నొప్పి తగ్గిందని చదివినంక పాణం నిమ్మళమైంది. పిల్లలను సెలవులకు తోలమని మా ఇంటామె మరీమరీ రాయమన్నది.

ఇగ పడవ సంగతి. ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారుతున్నదని 15డబ్ల్యూ-40 తీసి 20డబ్ల్యూ-50 పోస్తనంటివి. జర ఆగురా.

రాణిగంజ్‌ల ఆయిల్ కొననీకి పోయినప్పుడల్ల వింట ఈ మాట: "ఎండలు ముదిరినయ్, చిక్కటిది ఇయ్యి." చిక్కగుంటె బలమని మనోళ్ల నమ్మకం. గని డబ్బా మీది ముందటి అంకె చలికి సంబంధించింది. డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల కాడ పరీక్ష చేస్తరు. మనకు సంక్రాంతి చలి కూడ సున్న దాక రాదు, దాని గురించి ఫికర్ చెయ్యకు. నువ్వు చూడాల్సింది రెండోది. 100 డిగ్రీల వేడిల 40 నంబర్ ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) లోపల ఉంటది, 50 నంబర్‌ది 16.3 నుంచి 21.9 లోపల. ఇంజన్ చేసినోళ్లు బేరింగ్ సందులు, పంపు అన్నీ ఈ లెక్కతోనే కట్టిండ్రు.

కారుకు దిగుడు వస్తది, యాక్సిలరేటర్ వదిలితె ఇంజన్ ఊపిరి తీసుకుంటది. పడవకు దిగుడు లేదు. పడవ కింది ఫ్యాన్ నీళ్లను నెడుతనే ఉండాలె, పొద్దంత ఘాట్ ఎక్కినట్టే. అందుకే కారుకు మంచిగున్న పల్చటి ఆయిల్ పడవకు పోస్తె కూడ నేనొప్పుకోను. ఇంకోటి ఉన్నది. చెరువు నీళ్లు నేరుగ ఇంజన్ల తిరిగే రకమైతె అది 60 డిగ్రీల దగ్గర్నే నడుస్తది. సముద్రంల ఉప్పు పేరుకోవద్దని అట్ల తక్కువ పెడ్తరు. ఆ చల్లదనానికి, పైంగ నావి హుస్సేన్ సాగర్‌ల చిన్న చిన్న ట్రిప్పులు, పిస్టన్ రింగుల సందుల్నించి దిగిన డీజిల్, తేమ ఆవిరై పోవు. ఆయిల్ల కలిసి దాన్ని చెడగొడ్తయి, డీజిలైతె పల్చగ చేస్తది.

ఇది నేను పోగొట్టుకొని నేర్చుకున్న. ఒక పడవకు నీ లెక్కనే ప్రెషర్ పడితె 50 పోసిన. ముల్లు లేసింది, సంబరపడ్డ. వానలు పడే యాళ్లకు క్రాంక్ బేరింగులు గీసుకపోయినయ్. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారి ఆయిల్ల డీజిల్ కలుస్తుండె. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతున్నదో చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుండె, నేను పట్టించుకోలె. ముల్లు చూపేది ఒత్తిడి రా, బేరింగుకు ఎంత ఆయిల్ పారుతున్నదో అది చెప్పదు. ఆ పడవ ఆయన ముఖం ఇప్పటికీ కండ్ల ముందల మెదులుతది.

అందుకని ముందుగాల పడవ నీళ్ల మీద సాపుగ ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీయి. ఇంజన్ వాలుగ కూసుంటది, గట్టు మీద చూస్తె లెక్క తప్పుతది. వాసన చూడు. డీజిల్ కంపు కొడితె ఇంజెక్టర్లు విప్పియ్యి. పాలు కలిసినట్టు తెల్లగుంటె నీళ్లు దిగినట్టే, ఇంజన్ ముట్టియ్యకు. రెండూ లేకుంటె పాత ఆయిల్ వేడి మీద డిప్‌స్టిక్ గొట్టంల నుంచి చేతి పంపుతోని గుంజెయ్యి, కింది బోల్టు నీ చేతికి అందదు. ఫిల్టర్ మార్చు. పుస్తకంల రాసిన నంబరే పొయ్యి. నీది డీజిల్ గనక డబ్బా మీద ఏపీఐ (ఆయిల్ రకం చెప్పే గుర్తు) పక్కన సీ అక్షరంతోని మొదలయ్యే రకం చూడు, సీఐ-4 లాంటిది. ఎస్‌తోని మొదలయ్యేటివి పెట్రోల్ బండ్లకు. గేర్‌బాక్స్ ఆయిల్ వేరే, దాని ప్లేటు చదివి పొయ్యి.

గేజ్ కూడ అబద్ధం చెప్తుండొచ్చు. నా కాడ గొట్టంతోని పనిచేసే పాత గేజ్ ఒకటున్నది, శనివారం బస్సుల వేస్త. అది బిగిచ్చి, ఇంజన్ మంచిగ వేడెక్కినంక ఐడిల్ల ఎంత, ఫుల్ రేస్‌ల ఎంత చూపిస్తున్నదో రాసి పంపు. ఇంజన్ ప్లేటు మీది అంకెలు కూడ రాయి. అప్పటిదాక ఆ 20డబ్ల్యూ-50 డబ్బా మూత తీయకు, దుకాణపాయన వాపస్ తీసుకుంటడు.

నీ దోస్తు