ఎదురుగాలి గురించి అమ్మ ఉత్తరం

విశాఖపట్నం,
ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

మొన్న నెదర్లాండ్స్ నుంచి ఫోనులో నువ్వన్న మాట ఇంకా నా మనసులో మెదులుతూనే ఉంది. "డెల్ఫ్ట్‌లో సైకిలంటేనే విసుగొచ్చేసిందమ్మా. కాలేజీకీ అదే, కూరగాయలకీ అదే, వానలోనూ అదే. ఎటు తిరిగినా గాలి మొహానికే కొడుతుంది. ఈ చలికాలం ట్రాములోనే వెళ్తాను" అన్నావు. అప్పుడు పొయ్యి మీద కుక్కరు కూత పెడుతుంటే సరేలే అనేశాను. ట్రాము ఎక్కు, తప్పేమీ లేదు. కానీ నేను చెప్పవలసిన మాటలు కొన్ని మిగిలిపోయాయి. ఇవాళ పొద్దున భీమిలి వెళ్ళి వచ్చాను, ఒళ్ళింకా వెచ్చగా ఉండగానే రాస్తున్నాను.

వెళ్ళింది నీ సైకిలు మీదే. నువ్వు వెళ్ళాక ఆరు నెలలు బాల్కనీలో గుడ్డ కప్పి ఉంచాను. సముద్రపు గాలికి చైను తుప్పు పడుతోందని తుడవడానికి బయటికి తీశాను, తుడిచాక ఒకసారి తొక్కాలనిపించింది. సీటు రెండంగుళాలు దించాను. నువ్వు ఇంటర్‌లో సీటు గొట్టానికి నల్లటేపుతో వేసుకున్న గుర్తు అలాగే ఉంది, తీయలేదు.

మొదటి రోజు పెదవాల్తేరు నుంచి తెన్నేటి పార్కు దాకా వెళ్ళి ఆయాసంతో గట్టు మీద కూర్చుండిపోయాను. ఋషికొండ చేరడానికి నెల పట్టింది, భీమిలికి నాలుగు నెలలు. ఇప్పుడు ఆదివారాలతో పాటు బ్యాంకుకు సెలవుండే రెండో శనివారం, నాలుగో శనివారం కూడా వెళ్తున్నాను. మా శాఖలోనే పనిచేసే పెద్దావిడ ఒకరు నాతో వస్తారు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది, నాకంటే బాగా తొక్కుతారు. పోనూ రానూ యాభై కిలోమీటర్లు.

ఈ దారిలో నేను ముప్పై ఏళ్ళుగా బస్సుల్లో, కార్లలో తిరిగాను. అయినా ఈ దారి నాకు తెలియదని సైకిలెక్కాకే అర్థమైంది. జోడుగుళ్ళపాలెం దాటాక రోడ్డు ఎంత ఎక్కుతుందో కారుకు తెలియదు, మోకాళ్ళకు తెలుస్తుంది. సాగర్‌నగర్ దగ్గర ఉప్పు వాసన, మంగమారిపేట దగ్గర ఎండుచేపల వాసన, మధ్యలో ఒక్కచోట మాత్రం జీడిమామిడి తోటల పచ్చి వాసన. వాసనను బట్టి ఎక్కడున్నానో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇవాళ మంగమారిపేటలో అలివి వల లాగుతున్నారు. రెండు వరసలుగా నిలబడి తాళ్ళు పట్టుకుని వెనక్కి అడుగులేస్తూ, అందరూ ఒకే ఊపుతో. వల ఒడ్డుకు చేరేదాకా ఆగి చూశాం. కారులో అయితే ఆగేవాళ్ళమా?

పోయిన నెల తొట్లకొండ కూడా ఎక్కాను. గేరు ఎత్తు మొదలవకముందే మార్చాలి, సగంలో మారిస్తే చైను కరకరమంటుంది అని నువ్వు ఫోనులో చెప్పావే, అది అక్కడే ఒంటబట్టింది. 128 మీటర్ల ఎత్తంటే కాగితం మీద ఏమీ కాదు, పెడలు మీద చాలా ఎక్కువ. పైన బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి, కొండకు ఆ పేరు వాటి వల్లనే వచ్చింది. ఇదివరకు మిమ్మల్ని విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడు వాటిని ఊరికే చూసి వచ్చేశాను. ఈసారి నాలుక పిడచకట్టి పైకి చేరాక, కొండ మీద నీళ్ళు దాచుకోవడం అంటే ఏమిటో తెలిసింది. రెండు వేల ఏళ్ళ కిందటి ఆ మనుషులు నాకు ఒక్కసారిగా దగ్గరివాళ్ళయ్యారు.

ఇక గాలి సంగతి. నా ఉత్తరమంతా దాని కోసమే.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. ఈ నెలల్లో గాలి నైరుతిదే. పొద్దున్నే అయిదింటికి బయలుదేరితే గాలి పలచగా ఉంటుంది, ఉన్నదీ వీపున చెయ్యి వేసి నెట్టినట్టు మనతోనే వస్తుంది. నాలో ఇంత బలం ఉందా అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎనిమిదిన్నర, తొమ్మిదయ్యేసరికి ఆ నైరుతి గాలే బలపడుతుంది. భీమిలి నుంచి ఇంటిదాకా అది ఎదురే. మొదట్లో నాకు ఏడుపు వచ్చేది. దాన్ని గెలవాలని పంతం పట్టి పెద్ద గేరులో తొక్కి, ఋషికొండ చేరేలోగా కాళ్ళు పట్టేసి సైకిలు నడిపించుకుంటూ వచ్చాను.

గాలితో పంతం పనికిరాదని మా పెద్దావిడే నేర్పారు. రెండు గేర్లు దించు, కాళ్ళు మాత్రం అదే లయలో తిరగనివ్వు, మోచేతులు కొంచెం వంచి తల దించుకో అన్నారు. తర్వాత ఆవిడ ముందు, నేను వెనక. ఆవిడ వెనక చక్రానికి ఒక మూర దూరంలో ఉంటే గాలి సగం ఆవిడే కాస్తారు. కిలోమీటరు రాయి రాగానే నేను ముందుకు వెళ్తాను, ఆవిడ నా వెనక్కి వస్తారు. మాటలుండవు. ఆ ఇరవై నాలుగు రాళ్ళు అలా పంచుకుంటూ వస్తాం. అమ్మడూ, ఆ గంటన్నరలో నాకు కలిగే ఆనందం వెళ్ళేటప్పటి తేలికైన దారిలో కలగదు. ఎందుకో సరిగ్గా చెప్పలేను, కానీ నిజం.

భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఒలందుల సమాధులున్నాయి, చిన్నప్పుడు చూశావు. డచ్చివాళ్ళను మన పాతవాళ్ళు ఒలందులనేవారు. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ళు. ఇవాళ ఆ గోడ పక్కన ఇడ్లీ పొట్లం విప్పుకుని కూర్చుంటే నువ్వే గుర్తొచ్చావు. వాళ్ళు మీ ఊళ్ళ నుంచి ఇక్కడికి తెరచాపల్లో గాలిని నమ్ముకునే వచ్చారు. గాలి తిరిగే నెల కోసం రేవుల్లో కాచుకున్నారు. నువ్వేమో అక్కడ ఉండి గాలి మీద అలిగావు.

మీ దేశంలోనే ఎదురుగాలి పోటీ ఒకటి ఉందని చదివాను. జీలాండ్‌లో సముద్రపు పోటుకు అడ్డంగా కట్టిన ఓస్టర్‌స్కెల్డె గోడ మీద, గేర్లు లేని సైకిళ్ళతో 8.5 కిలోమీటర్లు. 2013లో మొదలైందట. తుఫాను గాలి వస్తుందని తెలిశాకే, కొద్ది రోజుల ముందు మాత్రమే తేదీ చెబుతారట. గాలి లేకపోతే పోటీయే లేదు! అక్కడికి వెళ్ళమని అనడం లేదు. ఒక్క ఆదివారం మాత్రం, సంచీ లేకుండా, పని లేకుండా, స్కెవెనింగెన్ సముద్రం దాకా వెళ్ళు. డెల్ఫ్ట్ నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లే. కూడళ్ళలో అంకెలు వేసిన పలకలుంటాయని నువ్వే చెప్పావు కదా, ఆ అంకెలు కాగితం మీద రాసుకుని ఫోను జేబులో పెట్టుకో. చక్రాల్లో గాలి నొక్కి చూసుకో. సీటు ఎత్తు కూడా చూసుకో: పెడలు కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా సాగాలి. వచ్చాక చైను తుడిచి నూనె వెయ్యి, అక్కడిదీ ఉప్పు గాలే.

డిసెంబరులో నువ్వు వచ్చేసరికి ఇక్కడ గాలి ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. అంటే భీమిలి వెళ్ళేటప్పుడే కష్టమంతా, ఇంటికి వచ్చేటప్పుడు సుఖం. నీ సైకిలు సీటు నల్లటేపు గుర్తు దాకా ఎత్తి ఉంచుతాను. నా కోసం ఇంకొక సైకిలు చూస్తున్నాను, మీ నాన్నగారు దసరాకు కొందామన్నారు. మొదటి కిలోమీటరు రాయి దాకా నేను ముందుంటాను, నువ్వు నా వెనక ఉండు.

అమ్మ